ఓడ భోజనానికి కోటా, పంచెనా? ఒక పాత కథ

ఈసారి వ్యాసం కొంచెం పొడుగు. మధ్యాహ్నం భోజనం అయ్యాక తీరిగ్గా చదవండి.

మన సంఘంలో పెద్దవాళ్ళు చాలామంది ఇప్పుడు ఓడ ప్రయాణాలకు పోతున్నారు. పిల్లలు సింగపూరులోనో అమెరికాలోనో ఉంటారు. షష్టిపూర్తి కానుక అని అమ్మానాన్నలకు ఓడ టికెట్టు కొని పంపుతారు. టికెట్టుతో పాటు కొన్ని కాగితాలు వస్తాయి. ఏ రోజు ఏ రేవు, ఎన్ని గంటలకు భోజనం, ఎన్ని పెట్టెలు తేవచ్చు, అన్నీ ఉంటాయి. అందులో ఒకటి రెండు రాత్రులకు మాత్రం ‘ఫార్మల్ నైట్’ అని గుర్తు పెట్టి ఉంటుంది. ఆ రాత్రి పెద్ద భోజనశాలకు రావాలంటే మగవాళ్ళకు నల్లకోటు, మెడకు బో టై. ఆడవాళ్ళకు పొడుగు గౌను. ఇది చూసి మనవాళ్ళు గాభరా పడతారు. ‘దీనికోసం ఈ వయసులో కోటు కుట్టించాలా? పట్టుపంచె కట్టుకుని పోతే లోపలికి రానివ్వరా?’ అని మమ్మల్ని అడిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

జవాబు ఒక్క ముక్కలో చెప్పవచ్చు. కానీ ఆ కోటు ఓడలోకి ఎట్లా ఎక్కింది, అది ఎక్కినప్పుడు మనవాళ్ళు అదే ఓడలో ఎక్కడ కూర్చున్నారు అన్నది తెలుసుకుంటే ఆ జవాబుకు బరువు వస్తుంది. మేము రైల్వేలో గుమస్తా పని చేసినవాళ్ళం. పెట్టెలు, చీటీలు, తరగతులు అంటే మాకు సహజంగా ఆసక్తి ఎక్కువ. అందుకని ఆ వైపు నుంచే కథ చెబుతాం.

ఇంగ్లండులో పందొమ్మిదో శతాబ్దంలో ధనవంతుల ఇళ్ళలో రాత్రి భోజనానికి ముందు బట్టలు మార్చుకోవడం ఆచారం. మన ఇళ్ళలో పెద్దలు స్నానం చేసి మడి కట్టుకుని భోజనానికి కూర్చున్నట్టే అనుకోండి. కాకపోతే మన మడి దేవుడి కోసం, వాళ్ళ మడి ఎదుట కూర్చున్నవాడి కోసం. వెనకవైపు తోకల్లాగా రెండు చీలికలు వేలాడే నల్లకోటు, గంజి పెట్టి అట్టముక్కలా చేసిన తెల్లచొక్కా, తెల్ల బో టై. దీన్ని ‘వైట్ టై’ అంటారు. ఇది వేసుకుని సుఖంగా కూర్చోలేరు, వంగలేరు. 1865లో వేల్స్ యువరాజు, అంటే తర్వాత ఏడో ఎడ్వర్డు రాజు అయినాయన, లండన్ సావిల్ రో వీధిలో హెన్రీ పూల్ అనే దర్జీ కంపెనీలో తోకలు లేని ఒక పొట్టికోటు కుట్టించుకున్నాడని ఆ కంపెనీ లెక్క. పల్లెలో తన బంగళాలో చనువైన వాళ్ళతో భోంచేసేటప్పుడు వేసుకోవడానికట. ఆ కోటే నల్ల బో టైతో కలిసి ‘బ్లాక్ టై’ అయింది. 1886 ప్రాంతంలో అమెరికాలో న్యూయార్కు దగ్గర టక్సీడో పార్కు అనే ధనవంతుల క్లబ్బుకు అది చేరింది. అందుకే అమెరికావాళ్ళు దాన్ని టక్సీడో అంటారు.

అంటే చూడండి. ఇప్పుడు మనల్ని భయపెడుతున్న ఆ కోటు మొదట్లో ఒక రాజకుమారుడు ‘ఇంట్లో హాయిగా ఉండాలి’ అని కుట్టించుకున్న బట్ట. మనకు బనియను, లుంగీ ఎట్లాగో ఆయనకు అది అట్లా.

ఇక ఓడ సంగతి. తొలిరోజుల ఓడల్లో ఈ సోకులకు జాగా లేదు. 1840లో కునార్డు కంపెనీ బ్రిటానియా అనే చిన్న ఓడను అట్లాంటిక్ మీద నడిపింది. పాల కోసం ఒక ఆవును కూడా ఎక్కించారు. రెండేళ్ళ తర్వాత అందులో ప్రయాణం చేసిన రచయిత చార్లెస్ డికెన్స్ తన గది ఎంత ఇరుకో చెప్పి ఎగతాళి చేశాడు. మన వైపు పి అండ్ ఓ కంపెనీ 1842లో హిందుస్తాన్ అనే ఓడను కలకత్తా సేవకు పంపింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఇంగ్లండు నుంచి మన దేశానికి దొరలు, దొరసానులు గుంపులు గుంపులుగా రావడం మొదలైంది. ఓడలు పెద్దవయ్యాయి. కరెంటు దీపాలు వచ్చాయి. మాంసం పాడవకుండా మంచుగదులు వచ్చాయి. ఒకే పెద్ద భోజనశాలలో వందలమంది ఒకేసారి కూర్చోవడం వచ్చింది. అక్కడ ఇంగ్లండు భోజనబల్ల ఆచారం మొత్తం ఓడలోకి దిగింది. భోజనానికి అరగంట ముందు బూర ఊదేవాళ్ళు. ఆ బూర ఆకలికి కాదు, బట్టలు మార్చుకోమని.

ఇక్కడ పెట్టెల విషయం చెప్పకుండా ఉండలేం. పార్సెల్ ఆఫీసులో పని చేసినవాడికి ఇది చదివితే నోరూరుతుంది. ఓడ కంపెనీలు ప్రయాణికుల పెట్టెలకు మూడు రకాల చీటీలు అంటించేవి. ఒకటి ‘కేబిన్’. అది మనిషితో పాటు గదిలోకి పోతుంది. పడక కింద దూరేటట్టు పొట్టిగా చేసిన పెట్టె అది. రెండోది ‘ప్రయాణంలో కావాలి’. ఇది ఓడ అడుగున సామాను గదిలో ఉంటుంది, కానీ కొన్ని నిర్ణయించిన రోజుల్లో ప్రయాణికుడు దిగిపోయి తెరుచుకోవచ్చు. మూడోది ‘ప్రయాణంలో అక్కర్లేదు’. అది రేవు చేరేదాకా కదలదు. మూడు వారాల ప్రయాణంలో ఒక దొరసాని రోజూ రాత్రి ఒకే గౌను వేసుకుంటే చూసేవాళ్ళు నవ్వుతారని రెండో చీటీ పెట్టె అవసరమైంది. సామాను చూసే గుమస్తాకు ఈ చీటీ తప్పితే ఎంత కష్టమో మాకు తెలుసు. దొరసాని గౌను ‘అక్కర్లేదు’ పెట్టెలో పోయిందంటే ఆ గుమస్తా గతి ఏమయ్యేదో!

ఈ పెట్టెల వల్లనే ఇంకో ఆచారం పుట్టింది. ప్రయాణంలో మొదటి రాత్రి, చివరి రాత్రి ఎవరూ పూర్తి అలంకారం చేసుకోరు. మొదటి రాత్రి పెట్టెలు ఇంకా విప్పలేదు, చివరి రాత్రి అప్పటికే కట్టేశారు. ఇది తెలియని కొత్త ధనవంతుడు మొదటి రాత్రే కోటు వేసుకుని దిగితే పాతవాళ్ళు పెదవి విరిచేవాళ్ళు. డబ్బు ఉంటే చాలదు, ఎప్పుడు వేసుకోవాలో ఎప్పుడు వేసుకోకూడదో తెలియాలి. మా లెక్కలో ఈ కట్టుబాటు అసలు పని ఇదే. గోడ కట్టకుండా మనుషుల్ని వేరు చేయడం. ఇప్పటికీ చాలా ఓడల్లో మొదటి రాత్రి ఫార్మల్ నైట్ పెట్టకపోవడం ఆ పాత పెట్టెల గుర్తే.

ఎర్రసముద్రంలో మాత్రం దొరల ఆట సాగలేదు. అప్పట్లో ఏసీ లేదు. రెండువైపులా ఎడారి గాలి. గంజి చొక్కా మీద నల్ల ఉన్ని కోటు వేసుకుని సూప్ తాగడం ఎట్లా? తెల్లకోట్లు వచ్చాయి. తర్వాత కోటే తీసేసి, చొక్కా మీద నడుముకు పట్టీ చుట్టుకుంటే చాలు అన్నారు. దాన్ని ‘రెడ్ సీ రిగ్’ అంటారు, అంటే ఎర్రసముద్రం వేషం. ఆ నడుము పట్టీ పేరు కమ్మర్‌బండ్. పేరు ఎక్కడిదో చెప్పక్కర్లేదు. ఫార్సీలో కమర్ అంటే నడుము, బంద్ అంటే కట్టు. మన దేశంలో నౌకర్లు, సిపాయిలు, దర్బారు మనుషులు కట్టుకునే నడికట్టును తెల్ల పటాలంవాళ్ళు తీసుకుని తమ భోజన వేషంలో కలుపుకున్నారు. ఈరోజు న్యూయార్కులో టక్సీడో కొనేవాడు దాంతో పాటు కొనేది మన నడికట్టే.

ఒక్క నడికట్టే కాదు. మన ఊరి పేరు పెట్టుకున్న మద్రాసు గళ్ళబట్ట అమెరికాలో వేసవి కోట్లకు, బో టైలకు, నడుము పట్టీలకు కూడా పోయింది. ఆ జాతి గళ్ళ రుమాళ్ళు నేసినవాళ్ళలో చీరాల సాలెవాళ్ళు ఉన్నారు. ఇంగ్లీషు నిఘంటువులో ‘మడపోలం’ అని ఒక మెత్తటి నూలుబట్ట పేరు ఉంది. అది నరసాపురం దగ్గర మాధవాయిపాలెం. ఈస్టిండియా కంపెనీ అక్కడ బట్టల కోఠీ పెట్టుకుంది. తెలుగువాడి మగ్గం మీద పుట్టిన బట్ట దొర ఒంటి మీద భోజనశాలలోకి పోయింది. తెలుగువాడు మాత్రం పోలేదు.

తెలుగువాడు ఎక్కడున్నాడు? డెక్కు మీద ఉన్నాడు.

బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అని ఒక కంపెనీ. మన పెద్దలు బి.ఐ. ఓడ అనేవాళ్ళు. 1856లో కలకత్తా-బర్మా మధ్య టపా మోయడానికి మొదలై, 1862లో ఈ పేరు పెట్టుకుంది. 1914లో పి అండ్ ఓతో కలిసిపోయింది. ఒడిశా వైపు మన సభ్యులు గోపాలపురం రేవు చూసే ఉంటారు. అక్కడి నుంచి కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ మీదుగా ఈ కంపెనీ ఓడలు జనాన్ని ఎక్కించుకుని రంగూను చేర్చేవి. కాకినాడలో ఓడ తీరానికి రాలేదు. దూరంగా లంగరు వేసి నిలబడితే జనం పడవల్లో పోయి ఎక్కాలి. యానాం, కోరంగి వాళ్ళకు ఈ విషయం మేము చెప్పడం తాతకు దగ్గు నేర్పినట్టు ఉంటుంది. రంగూనులో తెలుగువాడికి ‘కొరంగీ’ అనే పేరు పడింది కోరంగి వల్లనే. అది ముద్దుగా పిలిచిన పేరు కాదు.

ఆ ఓడల్లో టికెట్టు రెండు రకాలు అనుకోండి. పైన కొద్దిమందికి గదులు, భోజనశాల, తెల్లగుడ్డ పరిచిన బల్ల. మిగతా అందరికీ డెక్కు. డెక్కు అంటే పడక లేదు, గది లేదు, చాప పరుచుకున్నంత జాగా. కట్టుబట్ట, ఒక మూట. మద్రాసు, నాగపట్నం నుంచి పినాంగు, సింగపూరు పోయే ‘రజులా’ ఓడను ఇక్కడ మన పెద్దవాళ్ళలో కొందరు ఎరుగుదురు. 1926లో కట్టారు. మొదట్లో దానికి 5,000కు పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉండేది. గదుల్లో ఉన్నవాళ్ళ లెక్క దీని ముందు పిడికెడు. 1973లో భారత షిప్పింగ్ కార్పొరేషన్ కొని ‘రంగత్’ అని పేరు మార్చేదాకా ఆ ఓడ ఆ దారిలోనే తిరిగింది. మలయా రబ్బరు తోటలకు పోయిన తమిళులు, మన తెలుగువాళ్ళు ఇట్లాంటి ఓడల్లోనే పోయారు.

ఆ 5,000 మందికి భోజనానికి ఏ బట్ట కట్టుకోవాలో చెప్పే కాగితం ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరం ఏముంది? భోజనశాల తలుపు వాళ్ళ వైపు తెరుచుకోదు కదా. బట్ట నియమం అనేది లోపలికి రాగలిగేవాడికే. ఇంకో సంగతి. పైన భోజనశాలలో దొరల వెనక నిలబడి వడ్డించింది కూడా మన దేశపు మనుషులే. పి అండ్ ఓ ఓడల్లో బల్ల దగ్గర సేవ చేసిన స్టీవార్డుల్లో ఎక్కువమంది గోవావాళ్ళు. వాళ్ళకూ బట్ట నియమం ఉంది. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లబట్ట. ఆ నియమం తప్పితే పెదవి విరవడం కాదు, జీతం కోత.

మన దేశంవాడు టికెట్టు కొని పైతరగతిలో ఎక్కితే ఏమయ్యేది? దీనికి అందరికీ తెలిసిన మనిషి ఒకరున్నారు. 1888 సెప్టెంబరు 4న గాంధీ బొంబాయిలో పి అండ్ ఓ వాళ్ళ క్లైడ్ ఓడ ఎక్కారు. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు. ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. కత్తి, ఫోర్కు పట్టడం తెలియదు. ఏ వంటకంలో మాంసం ఉందో అడగడానికి ధైర్యం లేదు. అందుకని భోజనశాలకు పోకుండా, ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లు గదిలోనే తిన్నారు. ఓడలో నల్లసూటు వేసుకున్నారు. దిగేటప్పుడు బాగుంటుందని తెల్ల ఫ్లానెల్ సూటు దాచి పెట్టుకున్నారు. దిగి చూస్తే చలికాలం మొదలయ్యే రోజుల్లో తెల్లబట్ట వేసుకున్నది ఆయన ఒక్కరే. పైగా పెట్టె తాళాలు, పెట్టెలు ఏజెంటు దగ్గరికి పోయాయి, మార్చుకోవడానికి లేదు. చూశారా, మళ్ళీ పెట్టెల దగ్గరికే వచ్చాం.

అదే మనిషి 1921 సెప్టెంబరులో మన మధురైలో చొక్కా, టోపీ వదిలేసి మోకాళ్ళ దాకా ఉండే అంగవస్త్రం ఒక్కటే కట్టుకోవడం మొదలుపెట్టారు. మధురై సభ్యులకు మేలమాసి వీధిలో ఆ ఇల్లు తెలుసు. పదేళ్ళ తర్వాత 1931 ఆగస్టులో రౌండ్ టేబుల్ సమావేశానికి పోతూ ‘రాజపుటానా’ ఎక్కారు. అదీ పి అండ్ ఓ ఓడే, రెండో తరగతి. ఈసారి ఒంటి మీద అదే మధురై బట్ట. నవంబరులో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఐదో జార్జి రాజు ఇచ్చిన తేనీటి విందుకూ ఆ బట్టతోనే, పైన శాలువ కప్పుకుని పోయారు. రాజుకు నచ్చలేదు. అయినా తలుపు తెరిచారు. 1888లో గదిలో దాక్కుని మిఠాయి తిన్న కుర్రవాడికీ, 1931 మనిషికీ మధ్య ఉన్న దూరాన్ని మేము ఓడ మైళ్ళలో కొలవలేం. ఇది అందరికీ సాధ్యం కాదని మాకూ తెలుసు. మామూలు మనిషి మామూలుగానే పోతాడు, నలుగురితో పాటు కోటు వేసుకుంటాడు. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

మన తిరుత్తణిలో తెలుగు ఇంట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిది మధ్య దారి. తెల్ల తలపాగా, మెడ దాకా బొత్తాలు పెట్టిన పొడుగు కోటు. ఆక్స్‌ఫర్డులో పాఠం చెప్పినా, రాష్ట్రపతి భవనంలో విందు ఇచ్చినా అదే రూపం. టై కట్టకుండానే పెద్దరికం కనబడుతుందని ఆయన ఫొటో ఏది చూసినా తెలుస్తుంది. ప్రభుత్వ ఆహ్వానపత్రికల్లో ‘జాతీయ దుస్తులు’ అన్న మాటకు మన మనసులో వచ్చే బొమ్మ అట్లాంటిదే.

పడమటి ఓడల కథ కొంచెం త్వరగా ముగిస్తాం, సినిమాల్లో మీరు చూసిందే. 1912లో టైటానిక్ మునిగిన రాత్రి గుగ్గెన్‌హైమ్ అనే ధనవంతుడు బతికే ఆశ లేదని తెలిసి, తన నౌకరుతో కలిసి రాత్రి భోజనపు పూర్తి దుస్తులు వేసుకుని వచ్చాడు. దీన్ని పెద్దమనిషితనానికి గుర్తుగా చెబుతారు. అదే ఓడలో మూడో తరగతివాళ్ళు ఎక్కువమంది చనిపోయారన్నది దాని పక్కనే పెట్టి చదవాలని మా అభిప్రాయం. 1935లో వచ్చిన ఫ్రెంచి ఓడ నార్మండీలో మొదటి తరగతి భోజనశాల 305 అడుగుల పొడవు. మన రైలు పెట్టెలు నాలుగు వరసగా నిలబెట్టినా ఇంకా జాగా మిగులుతుంది. అందులోకి మెట్లు దిగి రావాలి. మెట్లు ఎందుకంటే దిగేటప్పుడు గౌను అందరికీ కనబడాలి. ఓడను గీసినవాడే బట్టను మనసులో పెట్టుకుని గీశాడు.

1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలయ్యాక ఓడలకు పని పోయింది. ఊరు చేర్చే పని పోయాక ఊరికే తిప్పే పని మిగిలింది. అదే ఇప్పటి క్రూజు. తరగతుల గోడలు చాలావరకు కూల్చేశారు. టికెట్టు కొన్న అందరూ ఒకే భోజనశాల. కానీ కోటును మాత్రం పారేయలేదు. ‘ఒకప్పుడు గొప్పవాళ్ళు ఇట్లా తిన్నారు, మీరూ ఒక రాత్రి అట్లా తినండి’ అని దాన్నే అమ్మకానికి పెట్టారు. 1977 నుంచి అమెరికా టీవీలో ‘లవ్ బోట్’ అనే సీరియలు తొమ్మిదేళ్ళు నడిచి ఆ మోజును ఇల్లిల్లూ చేర్చింది. కెప్టెను విందు, మెట్ల మీద ఫొటో. ఆ ఫొటోలు ఓడ ఫొటోగ్రాఫరు తీసి మర్నాడు డబ్బుకు అమ్ముతాడు. కట్టుబాటు వెనక ఈ వ్యాపారం కూడా ఉందని మరచిపోకండి.

తర్వాత ఆ పట్టు కూడా సడలింది. 2000లో నార్వీజియన్ కంపెనీ ‘ఫ్రీస్టైల్’ అని పేరు పెట్టి, కోటు తప్పనిసరి కాదు పొమ్మంది. పి అండ్ ఓ వాళ్ళు బ్లాక్ టై రాత్రి పేరు మార్చి వేడుక రాత్రి అన్నారు. కునార్డువాళ్ళు మాత్రం ఇంకా గట్టిగా పట్టుకున్నారు, పేరు గాలా ఈవినింగ్ అని మార్చినా. నల్లకోటు గానీ, ముదురు రంగు సూటు టైతో గానీ ఉండాలి. ఆ వేషం ఇష్టం లేనివాడు ఆ రాత్రి బఫేలో తినవచ్చు. ఆ కునార్డు నియమంలోనే ఒక వాక్యం ఉంది. జాతీయ సంప్రదాయ దుస్తులూ ఫార్మల్ కిందికే వస్తాయి. స్కాట్లండువాడు మోకాళ్ళు కనబడే కిల్టు వేసుకుని దర్జాగా వచ్చి కూర్చుంటాడు. అతనికి లేని అభ్యంతరం మడమల దాకా ఉండే మన పట్టుపంచెకు ఎందుకుంటుంది?

అడిగినవాళ్ళకు జవాబు ఇదే. కోటు కుట్టించనక్కర్లేదు. మంచి పట్టుపంచె, చొక్కా లేదా జుబ్బా, ఉత్తరీయం. చాలు. ఒక్కో కంపెనీ మాట ఒక్కో రకంగా ఉంటుంది గనుక ముందుగా ఒక ఈమెయిలు రాయించండి, వచ్చిన జవాబు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. రైల్వే బుద్ధి, కాగితం ఉంటే ధైర్యం. ఆడవాళ్ళకు ఈ చింతే లేదు. కంచిపట్టు చీరను ఏ ఓడా ఆపలేదు. ఇందులో ఒక వింత చూడండి. చీర ఎక్కడికైనా పోతుంది, పంచెకే ప్రశ్నలు. చీర నేల దాకా ఉండి వాళ్ళ గౌనుకు దగ్గరగా కనబడటం ఒక కారణం అనుకుంటాం. రెండోది, పంచె అనగానే వాళ్ళ కళ్ళకు డెక్కు మీది మనిషి కనబడేవాడు.

వాళ్ళ కళ్ళకు మాత్రమే అంటే అబద్ధం అవుతుంది. 2014 జూలైలో చెన్నైలో ఏం జరిగిందో అందరికీ గుర్తుంటుంది. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి హరిపరంధామన్ గారు ఒక పుస్తకావిష్కరణకు వేష్టి కట్టుకుని పోతే, చేపాక్కంలో క్రికెట్ సంఘం క్లబ్బులో లోపలికి రానివ్వలేదు. దొర పోయి 67 ఏళ్ళు, దొర కాగితం మాత్రం గేటు దగ్గరే ఉంది. అంతకు ముందు 1988లో బొంబాయి విల్లింగ్డన్ క్లబ్బులో చిత్రకారుడు హుస్సేన్ గారిని చెప్పులు లేవని ఆపారు. చెన్నై సంగతి అసెంబ్లీ దాకా పోయింది. జయలలిత గారి ప్రభుత్వం ఆ ఆగస్టులోనే చట్టం తెచ్చింది. క్లబ్బులు, సంఘాలు బహిరంగ స్థలాల్లో వేష్టి గానీ, ఇతర భారతీయ సంప్రదాయ దుస్తులు గానీ కట్టుకున్నవాణ్ణి ఆపకూడదు. ఆపితే లైసెన్సు రద్దు, జైలు, జుర్మానా. ‘ఇతర భారతీయ సంప్రదాయ దుస్తులు’ అన్న మాటలో మన గోచీపోసిన పంచె కూడా ఉందని మన సభ్యులు గమనించాలి. తమిళనాట ఉండి తెలుగు కట్టు కట్టుకునేవాడికి ఆ చట్టంలో చోటుంది.

ఇంతా చెప్పి, మన ఇంటి సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. మన కల్యాణమండపాల్లో ముహూర్తానికి పెళ్ళికొడుకు పట్టుపంచె, సాయంత్రం రిసెప్షనుకు కోటు, టై. మే నెల చెన్నై ఉక్కలో! ఎర్రసముద్రంలో దొర కూడా తీసేసిన కోటును మనం తంజావూరులో వేసుకుంటున్నాం. పంచె పూజకు, కోటు గౌరవానికి అని మనమే పంచిపెట్టేశాం. ఓడవాడు పంచె ఫార్మల్ అని ఒప్పుకున్నాడు, మన ఇంట్లో కుర్రవాళ్ళను ఒప్పించడమే కష్టంగా ఉంది.

2022 జూన్ నుంచి చెన్నై రేవులోనే క్రూజు ఓడ ఎక్కే వీలు వచ్చింది. కార్డీలియావాళ్ళ ఎంప్రెస్. 1990లో రాయల్ కరీబియన్ కోసం కట్టిన పాత ఓడే. విశాఖపట్నం దాకా పోయి వచ్చింది. 2023లో విశాఖలో క్రూజు ప్రయాణికులకని వేరే టెర్మినల్ కూడా తెరిచారు. ఒకప్పుడు మనవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని రంగూనుకు పోయిన ఆ తీరం నుంచే ఇప్పుడు మనవాళ్ళు చక్రాల పెట్టెలు లాక్కుంటూ విహారానికి పోతున్నారు.

పోయేవాళ్ళకు రెండు ఆచరణ మాటలు. ఓడ పైఅంతస్తులో గాలి విపరీతం. తమిళ కట్టు వేష్టి అక్కడ నిలవదు, చేత్తో పట్టుకుని నడవాలి. గోచీపోసి కట్టిన పంచె అయితే మెట్లు దిగినా, గాలి కొట్టినా చెక్కుచెదరదు. కట్టడం రానివాళ్ళు పైన బెల్టు వేసుకోండి. బెల్టుకు జేబు ఉన్నది దొరుకుతుంది, గది తాళం కార్డు అందులో పడుతుంది. పట్టుపంచెను ‘కేబిన్’ పెట్టెలోనే పెట్టుకోండి. పెద్దపెట్టె గదికి చేరేసరికి ఒక్కోసారి చీకటి పడుతుంది.